అనుమానాస్పదమైన మెయిల్ - మన బాధ్యత

టెలిగ్రాము వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గడగడలాడిన రోజులను గురించి మన పెద్దలు నేటికీ చెప్పుకుంటూ ఉంటారు. తపాలా జవాను కాగితం చేతికి ఇవ్వకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవట. తీరా ఎవరినో బతిమాలి చదివించుకుంటే అందులో ఉన్నది కుమారునికి ఉద్యోగం దొరికిన శుభవార్త! 2013 జులై 14వ తేదీతో మన దేశంలో టెలిగ్రాము సేవ ముగిసింది. కాని ఆ గాభరా మాత్రం ముగియలేదు. అది మన జేబులోని ఫోనులోకి, కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరులోకి చేరి కూర్చున్నది. "మీ స్కాలర్‌షిప్పు నిలిపివేయబడినది. ఈ సాయంత్రం 5 గంటల లోపల క్రింది లింకు ద్వారా మీ వివరములు ధ్రువీకరింపుడు" అని ఒక మెయిల్ వచ్చిన క్షణాన, చదివే విద్యార్థి పరిస్థితి ఆనాటి టెలిగ్రాము అందుకున్న ఇంటి పరిస్థితికి ఏమాత్రం భిన్నం కాదు.

నేను ఊహించి వ్రాయడం లేదు. మనవంటి ఒక కళాశాలలో బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి గత సంవత్సరం సరిగ్గా ఇటువంటి మెయిలే వచ్చింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను. పేరుతో మనకు పని లేదు. తండ్రి దర్జీ. ఉపకార వేతనం రానిదే ఆ సంవత్సరం ఫీజు కట్టే మార్గం లేదు. లింకు నొక్కగా తెరుచుకున్న పుట మీద ప్రభుత్వ చిహ్నం ఉన్నది. "ఖాతా సరిచూచుటకు" తండ్రిగారి డెబిట్ కార్డు వివరాలు అడిగింది, ఇచ్చింది. ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగింది, అదీ ఇచ్చింది. ఖాతాలోనుండి 6,500 రూపాయలు పోయాయి.

అసలు విషాదం ఆ తరువాతది. ఆమె తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యలో మరొక 4,000 రూపాయలు పోయాయి. చివరకు నా వద్దకు వచ్చి, "ఆపా, అబ్బాకు మాత్రం చెప్పకండి, చదువు మాన్పిస్తారు" అన్నది. దొంగ దోచుకున్నది సొమ్ము మాత్రమే. ఆ తొమ్మిది రోజుల మౌనాన్ని ఆమెకు నేర్పినది మనమే. "ఇంత చదువుకొని ఆ మాత్రం తెలియదా?" అనే మాటను మన ఇళ్ళలో, మన తరగతి గదులలో ఎన్నిసార్లు వినలేదు?

ఇట్టి మోసాలకు విద్యార్థుల అజ్ఞానమే కారణమని సాధారణంగా చెబుతారు. నేను ఈ అభిప్రాయంతో ఏకీభవించను. మోసగాడు వ్రాసే ఉత్తరం మన తెలివితక్కువతనం మీద ఆధారపడదు. అధికారి మాట వినాలనే అణకువ, గడువు లోపల పని పూర్తి చేయాలనే క్రమశిక్షణ, స్నేహితుడు పంపినది చూడకపోతే బాగుండదనే మర్యాద, వీటి మీద ఆధారపడుతుంది. ఇవన్నీ కళాశాల మనకు నేర్పిన సద్గుణాలే. కనుక వీటితో పాటు ఉత్తరాన్ని పరీక్షించే అలవాటును కూడా కళాశాలే నేర్పవలసి ఉన్నది. నేర్పడానికి ముందు తన అలవాట్లను తాను సరిదిద్దుకోవలసి ఉన్నది.

మొదట ఉత్తరం సంగతి చూద్దాం. కవరు మీద "నుండి" అన్న చోట ఎవరైనా ఎవరి పేరైనా వ్రాయవచ్చును కదా? మెయిల్‌లో కనిపించే పంపినవారి పేరు కూడా అంతే. పేరు ప్రిన్సిపాలుగారిది అయి ఉండి, దాని వెనుక ఉన్న చిరునామా ముక్కూమొగమూ తెలియనిది కావచ్చు. ఆ చిరునామా సరిగ్గానే ఉన్నప్పటికీ, ఆ ఖాతానే దొంగలు ఆక్రమించుకొని ఉండవచ్చు. 2000 మే 4న ఫిలిప్పీన్సు నుండి బయలుదేరిన "ఐ లవ్ యూ" అనే మెయిల్ కథ ఇదే. దానితో పాటు ప్రేమలేఖ అనే పేరుగల ఫైలు ఒకటి ఉండేది. చూడడానికి మామూలు అక్షరాల ఫైలు. నిజానికి అది ఒక ప్రోగ్రాము. ఫైలు పేరులోని చివరి భాగాన్ని విండోస్ దాచిపెట్టడం వలన ఆ సంగతి కనిపించేది కాదు. తెరచిన వారి చిరునామాల పుస్తకంలో ఉన్న వారందరికీ అది తనంతట తానే వెళ్ళేది. అందువలన ప్రతివారికీ అది తెలిసినవారి నుండే వచ్చింది! లోకమంతటా లక్షలాది కంప్యూటర్లు దాని పాలైనాయి. ఆనాటికి ఫిలిప్పీన్సులో తగిన చట్టం లేకపోవడం వలన దానిని సృష్టించినవారికి శిక్ష కూడా పడలేదు.

అక్షర దోషాలను బట్టి దొంగ ఉత్తరాన్ని కనిపెట్టవచ్చునని వెనుక చెప్పేవారు. భాషా విద్యార్థులమైన మనకు అది కొంత గర్వకారణంగా కూడా ఉండేది. ఆ రోజులు పోయాయి. కృత్రిమ మేధ సహాయంతో నేడు చక్కని తెలుగులో, సలక్షణమైన ఉర్దూలో మోసపు ఉత్తరాలు తయారవుతున్నాయి. కనుక భాషను కాక, ఉత్తరం మనలను ఏమి చేయమంటున్నదో దానిని చూడాలి. తొందరపెడుతున్నదా? భయపెడుతున్నదా? ఎవరికీ చెప్పవద్దంటున్నదా? పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని, కార్డు నంబరు గాని అడుగుతున్నదా? ఈ నాలుగింటిలో ఒక్కటి ఉన్నా చేయి వెనుకకు తీసుకోవలసినదే. ఆ లింకును నొక్కకుండా, సంబంధిత సంస్థ చిరునామాను మనమే టైపు చేసి వెళ్ళాలి. లేదా ముందే మన దగ్గర ఉన్న ఫోను నంబరుకు మాట్లాడి విచారించాలి. ఆ మెయిల్‌లోనే ఇచ్చిన నంబరుకు ఫోను చేయడం దొంగను పట్టుకొని దొంగతనం గురించి ఫిర్యాదు చేయడమే అవుతుంది.

లింకును చదవడంలో ఒక మెలకువ ఉన్నది. ఉభయ భాషల కళాశాల వారమైన మనకు అది ఇతరులకంటే తేలికగా పట్టుబడాలి. వెబ్ చిరునామాను తెలుగువలె ఎడమ నుండి కుడికి చదివితే మోసపోతాము. ఉర్దూవలె కుడి నుండి ఎడమకు చదవాలి. మొదట వచ్చే జంట అడ్డగీతల తరువాత, మళ్ళీ ఒంటి అడ్డగీత వచ్చే చోట ఆగాలి. అక్కడి నుండి ఎడమవైపుకు చదువుకుంటూ రావాలి. ఆ స్థలానికి అసలు యజమాని ఎవరో చెప్పేవి ఆ చివరి రెండు మూడు ముక్కలే. జాతీయ స్కాలర్‌షిప్పు పోర్టల్ చిరునామా "స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. అదే "గవ్ డాట్ ఇన్" అనేది మధ్యలో వచ్చి, దాని తరువాత ఇంకేదో పేరు, ఆపైన "డాట్ కామ్" ఉంటే అది ప్రభుత్వానిది కానే కాదు. పై అమ్మాయి మెయిల్‌ను నేను తరువాత చూశాను. దానిలో ఉన్నది ఈ మాయే. చిరునామా ప్రక్కన తాళం గుర్తు ఉన్నది కదా అని కొందరు ధైర్యపడుతూ ఉంటారు. ఆ తాళం మార్గమధ్యంలో ఎవరూ చదవకుండా కాపాడుతుందే గాని, అవతలి చివర కూర్చున్నవాడు పెద్దమనిషి అని హామీ ఇవ్వదు.

కుడి ఎడమల ప్రసక్తి వచ్చింది కనుక ఇంకొక విచిత్రం చెప్పాలి. ఉర్దూ, అరబ్బీ, హీబ్రూ వంటి లిపులు సక్రమంగా కనబడడం కొరకు యూనికోడ్‌లో కంటికి కనిపించని కొన్ని సంకేతాలు ఏర్పాటు చేశారు. వాటిలో ఒక దానిని ఫైలు పేరు మధ్యలో దూర్చితే ఆపైన అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. చివర "ఎగ్జీ" అని ఉన్న ప్రోగ్రాము, "పీడీఎఫ్" అని ముగిసే అమాయకమైన పత్రంగా కంటికి కనబడుతుంది. మన లిపి సౌకర్యానికని పెట్టినదానిని దొంగలు ఈ విధంగా వాడుకొంటున్నారు. ఫైలు పేరును మాత్రమే చూడక, ఫోల్డరులో "టైపు" అనే గడిని కూడా చూస్తే "అప్లికేషన్" అని దాని అసలు జాతి బయటపడుతుంది.

ఉర్దూ విభాగంవారు ముఖ్యంగా గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. మన దేశంలోనే తయారై, 1994 నుండి ఉర్దూ పత్రికలకు, పుస్తకాలకు ఆధారంగా నిలిచిన ఇన్‌పేజ్‌ను ఎరుగని ఉర్దూ రచయిత ఉండడు. 2016 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ఇన్‌పేజ్‌లో ఉన్న ఒక లోపాన్ని ఆసరా చేసుకొని, ప్రత్యేకంగా తయారు చేసిన ఇన్‌పేజ్ పత్రాలను మెయిల్ ద్వారా ఆసియా, ఆఫ్రికా ఖండాలలోని బ్యాంకులకు, ప్రభుత్వ కార్యాలయాలకు దొంగలు పంపుతున్నారని దాని సారాంశం. పత్రం తెరిస్తే చాలు, హానికరమైన ప్రోగ్రాము లోపలికి వచ్చేది. ఇంగ్లీషు లోకంవారి బాధలు మనకెందుకు, మన చిన్న భాషలో వ్రాసే మనలను ఎవరు పట్టించుకుంటారు అనుకొనేవారికి ఇది జవాబు. మన భాషను వాడే కార్యాలయాలలోకి ప్రవేశించాలనుకొన్నవాడు మన భాష తలుపునే తడుతున్నాడు. మన సంచికకు గజళ్ళు, వ్యాసాలు ప్రతి సంవత్సరం మెయిల్ మీదనే వస్తూ ఉంటాయి. పంపినవారిని ఎరుగకుండా, ముందుగా అడిగి తెలుసుకోకుండా వాటిని సంపాదకుల కంప్యూటరులో తెరవడం ఇకనైనా మానుకోవాలి.

ఫోను మీద కూడా ఇదే ఆట. 2024లో పెళ్ళి శుభలేఖ రూపంలో వాట్సాప్‌లో వస్తున్న ఏపీకే ఫైళ్ళను గురించి పోలీసులు హెచ్చరికలు జారీ చేయవలసి వచ్చింది. షాదీ రుఖా తెరవకుండా ఉండే ఇల్లు మనలో ఏది? శుభలేఖ బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. దానిని ఫోనులో స్థాపించుకోమని అడిగితే అది శుభలేఖ కాదు.

ఇక కంప్యూటర్ల సంగతి. మంచి యాంటీవైరస్ కొని వేస్తే సరిపోతుందని కొందరు పెద్దల అభిప్రాయం. అది ఉండవలసినదే, విండోస్‌తో పాటు వచ్చే డిఫెండరును ఆపివేయకుండా ఉంచితే చాలావరకు పని జరుగుతుంది. కాని పై అమ్మాయి విషయంలో యాంటీవైరస్ ఏమి చేయగలిగేది? అక్కడ వైరసే లేదు. ఆమె తన చేతులతో తానే వివరాలు టైపు చేసింది. మరొక ప్రక్క మన వంటి అనేక కళాశాలల ప్రయోగశాలలలో ఆ యాంటీవైరస్‌ను మనమే ఆపివేస్తున్నాము. ఎందుకు? దొంగ ప్రతిగా తెచ్చిన సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే దానిని ఆపమని ఆ దొంగ ప్రతే చెబుతుంది గనుక! ఇంటికి కాపలా కుక్కను కట్టివేసి, గోడ దూకినవానిని లోపలికి పిలిచి పని చేయించుకోవడం వంటిది ఇది.

ఇక్కడ చరిత్రలోని ఒక ముచ్చట. ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటర్ల మీద మొట్టమొదట వ్యాపించిన వైరస్‌గా చెప్పబడే "బ్రెయిన్" 1986లో లాహోరులో పుట్టింది. దానిని వ్రాసినవారు బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే ఇద్దరు సోదరులు. తాము తయారు చేసిన వైద్య సంబంధమైన ప్రోగ్రామును దొంగ ప్రతులు తీసుకొనేవారికి బుద్ధి చెప్పడానికే అలా చేశామని వారు చెప్పుకున్నారు. ఆ వైరస్‌లో తమ పేర్లు, దుకాణం చిరునామా, టెలిఫోను నంబర్లు కూడా వ్రాసి పెట్టారు! దొంగ ప్రతికీ వైరస్‌కూ గల చుట్టరికం ఆనాటి నుండి తెగలేదు. తేడా ఏమిటంటే ఇప్పటివారు చిరునామా ఇవ్వరు.

పాత కంప్యూటర్ల విషయంలో మన ఉదాసీనత కూడా ప్రమాదకరమే. 2017 మే 12న "వాన్నాక్రై" అనేది విజృంభించి, ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడిగింది. అది మెయిల్ తెరవనవసరం లేకుండానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ప్రాకింది. సుమారు 150 దేశాలు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. విచారకరమైన విషయం ఏమంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకున్నవారు బ్రతికి బయటపడ్డారు. విండోస్ 7కు అట్టి అప్‌డేట్లు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోను ముగిశాయి. క్రొత్త యంత్రాలు కొనే స్తోమత లేదన్న మాట నిజమే కావచ్చు. అటువంటప్పుడు పాత యంత్రాల మీద ఉచితంగా లభించే లినక్స్, లిబ్రే ఆఫీసు పెట్టుకొనవచ్చును. యూనికోడ్‌లో నస్తాలీఖ్ అక్షరాలు, తెలుగు అక్షరాలు రెండూ నేడు ఉచితంగానే దొరుకుతున్నాయి. దొంగ ప్రతి అవసరం ఎక్కడున్నది?

పాస్‌వర్డుల గురించి క్లుప్తంగా చెబుతాను; అందరూ విన్నదే, ఎవరూ చేయనిదే గనుక. మెయిల్ ఖాతా మిగిలిన అన్ని ఖాతాలకు తాళపు గుత్తి వంటిది. మిగిలినవాటి పాస్‌వర్డు మరచిపోయామంటే క్రొత్తది ఆ మెయిల్‌కే వస్తుంది. అందుచేత దాని పాస్‌వర్డును మరెక్కడా వాడరాదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. హాల్‌టికెట్టు ప్రింటు కొరకు జిరాక్సు దుకాణంలో మెయిల్ తెరచి, మూయకుండా బస్సుకు పరుగెత్తేవారిని నేను ప్రతి పరీక్షల కాలంలోనూ చూస్తున్నాను. ఆ దుకాణంలో పెట్టిన పెన్‌డ్రైవును తెచ్చి ప్రయోగశాలలో పెట్టేవారిని కూడా చూస్తున్నాను.

జరగరానిది జరిగితే ఏమి చేయాలి? కంప్యూటరు సంగతి అయితే వెంటనే ఇంటర్నెట్ తెగ్గొట్టి, పెన్‌డ్రైవు ఏదీ దానికి పెట్టకుండా, బాధ్యులకు చెప్పాలి. పాస్‌వర్డులను వేరొక యంత్రం మీద మార్చుకోవాలి. సొమ్ము సంగతి అయితే బ్యాంకుకు చెప్పి కార్డు నిలిపివేయించాలి. ఆ వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా "సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్"లో ఫిర్యాదు వ్రాయాలి. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారిపోతూ ఉంటుంది గనుక ఇక్కడ గంటలు లెక్కకు వస్తాయి, రోజులు కావు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వులో ఒక ముఖ్యమైన మాట ఉన్నది: ఖాతాదారుడు తానే వివరాలు ఇచ్చి పొరపాటు చేసినప్పటికీ, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. ఆ అమ్మాయి మొదటి రోజే నోరు విప్పి ఉంటే రెండవసారి పోయిన 4,000 రూపాయలు పోయేవి కావు. ఎదుటివానిగా నటించి కంప్యూటరు ద్వారా మోసగించినవానికి సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టం నేరస్థునిగా చూచేది మోసగించినవానిని. మోసపోయినవారిని నేరస్థులుగా చూచేది మనమే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. నేడు మన నోటీసులు ఒకనాడు ఒక గుమాస్తాగారి సొంత మెయిల్ నుండి, మరొకనాడు మరొక అధ్యాపకుని ఫోను నుండి వస్తున్నాయి. "వెంటనే ఈ లింకులో ఆధార్ వివరాలు నింపుడు, లేనిచో బాధ్యత మీదే" అని కళాశాలే వ్రాస్తున్నది. దొంగ వ్రాసే ఉత్తరానికీ దీనికీ భేదం ఏమిటి? కనిపెట్టలేదని విద్యార్థిని నిందించే హక్కు మనకెక్కడిది? కళాశాలకు ఒకే ఒక మెయిల్ చిరునామా ఉండాలి. అది ప్రిన్సిపాలుగారి సంతకంతో తెలుగులోను, ఉర్దూలోను నోటీసు బోర్డు మీద ఉండాలి. ఫీజు, స్కాలర్‌షిప్పు, సర్టిఫికెట్లకు సంబంధించిన ఏ మెయిల్ అయినా అదే రోజు బోర్డు మీద కూడా కనబడాలి. బోర్డు మీద లేనిది కళాశాలది కాదని విద్యార్థి ధైర్యంగా అనుకోగలగాలి. ప్రయోగశాలలో విద్యార్థులకు అడ్మినిస్ట్రేటరు అధికారం లేని ఖాతాలు ఇవ్వాలి. తెర అంచుకు అంటించిన పాస్‌వర్డు చీటీని చించివేయాలి. కార్యాలయపు రికార్డులకు, ఈ సంచిక వ్రాతప్రతులకు వేరొక డిస్కులో నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో పెట్టాలి. వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది, మోసపోయిన విద్యార్థి ఎవరి గదికి వెళ్ళి చెప్పుకోవాలో నిర్ణయించడం. ఆ గదిలో కూర్చునేవారు మొదట 1930కి ఫోను కలిపి, ఆ తరువాతనే ప్రశ్నలు అడగాలి. ఇంటికి కబురు చేయవలసి వస్తే ఆ అధ్యాపకులే తండ్రితో మాట్లాడాలి. నేను చెప్పిన అమ్మాయి విషయంలో చివరకు జరిగినది అదే. కామర్సు అధ్యాపకురాలు ఒకరు ఆమె వెంట దుకాణానికి వెళ్ళారు. దర్జీగారు మిషను ఆపి అంతా విన్నారు. "సొమ్ము సరే, అమ్మా, నా బిడ్డ తొమ్మిది రోజులు అన్నం ఎందుకు సరిగా తినలేదో నాకు ఇప్పుడు తెలిసింది" అన్నారట. ఆ అమ్మాయి ఈ సంవత్సరం మూడవ సంవత్సరం చదువుతున్నది. రాబోయే స్కాలర్‌షిప్పు దరఖాస్తుల కాలం మొదలయ్యే లోపుగా మన కళాశాలలో అటువంటి గది ఒకటి ఏర్పాటు చేసి, దాని నంబరును కూడా ఆ నోటీసు బోర్డు మీదనే వ్రాయించవలసిందిగా కమిటీ పెద్దలను ప్రార్థిస్తున్నాను.